దాళ్వా నీళ్లు, లస్కరు ప్రార్థన: కథలో విశ్వాసం అతికించినట్టు కాకుండా ఎలా రాయాలి?

పాలకొల్లు టీచర్ (ప్రశ్న)

అందరికీ వందనాలండీ. నేను పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. పదేళ్ల నుంచి కథలు రాస్తున్నాను, ఎక్కువగా మా సంఘం వాళ్లు వేసే క్రిస్మస్ సంచికకే. ఈసారి రాసిన కథ దగ్గర ఇరుక్కుపోయాను. రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

కథ మా నాన్న గురించి. నాన్న కాలువ మీద లస్కరుగా చేసేవాడు. ఇటు వైపు కాని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. దవళేశ్వరం నుంచి వచ్చే కాలువల మీద తూములూ లాకులూ చూసుకునే చిన్న ఉద్యోగి లస్కరు. తూము తలుపు ఎప్పుడు ఎంత ఎత్తాలో ఆఫీసర్లు చెబుతారు, చక్రం తిప్పేది మాత్రం ఇతనే. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, నీళ్లకి కొదవ ఉండదు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదావరి తగ్గిపోతుంది, అప్పుడు వంతులు పెడతారు. శివారు, అంటే కాలువ చివరి చేల, వంతు నడిచే రోజుల్లో పై తూములు మూసి ఉంచాలి. మూసి ఉంచడమంటే చెప్పినంత తేలిక కాదు. పై రైతు చేనూ ఎండుతూనే ఉంటుంది, నీళ్లేమో అతని కళ్ల ముందు నుంచే పోతుంటాయి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు పై చేలున్న ఒక పెద్ద రైతు రాత్రిపూట మా ఇంటికి వచ్చి, ఒక్క రాత్రికి తూము జానెడు ఎత్తమని నాన్న చేతిలో ఐదు వందలు పెట్టబోయాడు. నాన్న తీసుకోలేదు. ఇదే కథ. నేను రాసింది ఇలా ఉంది:

“ఇమ్మానుయేలు కళ్లు మూసుకున్నాడు. ధనాపేక్ష గురించి పౌలు భక్తుడు తిమోతికి రాసిన మాటలు అతని మనసులో మెదిలాయి. లోక ధనం కంటే పరలోక ధనమే శాశ్వతమని అతనికి తెలుసు. ‘అయ్యా, నేను దేవుని బిడ్డను. ఈ పాపపు సొమ్ము నాకు వద్దు. మీరు కూడా నిజ దేవుణ్ని తెలుసుకోండి’ అన్నాడు. అతని ముఖం ఏదో వెలుగుతో ప్రకాశించింది.”

తర్వాత ఆ రైతు కొడుక్కి జ్వరం వస్తుంది. డాక్టర్లు చేతులెత్తేస్తారు. ఇమ్మానుయేలు ప్రార్థన చేస్తే పిల్లాడు లేచి కూర్చుంటాడు. క్రిస్మస్ ఆరాధనకి ఆ కుటుంబం మొత్తం గుడికి వస్తుంది.

మా స్కూల్లో నాతో పనిచేసే టీచర్‌కి చదవమని ఇచ్చాను. ఆవిడ చదివి, “కథ బాగానే ఉంది గానీ, కళ్లు మూసుకున్న దగ్గర నుంచి మీ నాన్నగారు కనపడలేదండీ” అంది. ఆ మాట రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. వాక్యాలన్నీ తీసేసి మళ్లీ రాసి మా పాస్టర్ గారికి ఇచ్చాను. ఆయన నిదానంగా చదివి, “మంచి మనిషి కథమ్మా, కానీ ఇందులో ప్రభువు ఎక్కడ?” అన్నారు. ఆయన మాటా నిజమే అనిపించింది. నాన్న ఊరికే మంచి మనిషి కాదు. విశ్వాసం లేకపోతే ఆ రాత్రి ఆ డబ్బు వద్దనేవాడు కాడు, అది నాకు తెలుసు.

పెడితే ప్రసంగమవుతోంది, తీస్తే నాన్న నాన్నలా ఉండటం లేదు. ఏం చేయాలి?

అమలాపురం మాస్టారు

అమ్మా, నేను 34 ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నీ కథ రెండుసార్లు చదివాను. విశ్వాసం సంగతికి వచ్చేముందు చేను సంగతి చెప్పాలి.

క్రిస్మస్‌కి దాళ్వా ఊడ్పులే పూర్తికావు కదమ్మా. అప్పటికి కొందరు నారుమడులు పోసుకుని ఉంటారు, కొందరు సార్వా ధాన్యం ఇంకా ఆరబోసుకుంటూ ఉంటారు. నీటి కోసం మనుషులు మనుషుల్ని తిట్టుకునేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, చేలు పొట్టమీద, అంటే వెన్ను తీసే ముందు, ఉన్నప్పుడు. అంటే ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమల దినాల్లో. మీ నాన్నగారి దగ్గరికి ఆ రైతు వచ్చింది కూడా అప్పుడే అయి ఉండాలి. క్రిస్మస్ సంచిక కోసం నువ్వు ఆ రాత్రిని డిసెంబరుకి జరిపావు. అబద్ధం అక్కడ మొదలైంది. ఆ తర్వాత జ్వరం, స్వస్థత, కుటుంబమంతా గుడికి రావడం, ఇవన్నీ ఆ డిసెంబరు కోసం వచ్చి చేరినవే. నిన్ను తప్పుపట్టడానికి అనడం లేదు. కథ ఎక్కడ వంకర పోయిందో తెలిస్తే సరిచేయడం సులువు.

ఇక నీ ప్రశ్న. నువ్వు వాక్యాన్ని పెట్టాలా తీయాలా అని అడుగుతున్నావు. వాక్యం ఎవరి నోట్లో ఉంది అని నేను అడుగుతాను. రూతు గ్రంథం తీసి చూడు. నాలుగు అధ్యాయాలే. అందులో అందరూ దేవుని పేరు ఎత్తుతారు. బోయజు చేలోకి వస్తూనే కోత కోసేవాళ్లని యెహోవా పేరున పలకరిస్తాడు, వాళ్లూ ఆ పేరుతోనే బదులిస్తారు. నయోమి తన కష్టమంతా ఆయన చేసిందేనని ఊరి ఆడవాళ్ల ముందు బాహాటంగా అంటుంది. కథ చెప్పేవాడు మాత్రం నోరు కట్టుకుని కూర్చుంటాడు. మొదట్లో, దేవుడు తన జనానికి ఆహారమిచ్చాడని నయోమి విన్నది అంటాడు. అది కూడా విన్న మాటే. చివర్లో, రూతు గర్భవతి కావడం దేవుడిచ్చిన వరమని ఒక్కమాట తనే చెబుతాడు. ఈ రెండింటి మధ్య కథంతా పరిగె ఏరుకోవడం, యవలు కొలవడం, కళ్లంలో పడుకోవడం, ఊరి గుమ్మం దగ్గర పెద్దమనుషుల పంచాయితీ. పరిగె ఏరుకోవడం మన దగ్గర ఎరగని వాళ్లెవరు? ఎస్తేరు గ్రంథం ఇంకా ముందుకు పోయింది. హెబ్రీ మూలంలో దేవుని పేరే లేదు. మూడు రోజుల ఉపవాసం మాత్రం ఉంది.

అందుకని పాత్రల నోట్లోంచి ప్రభువు పేరు తీయకు. మన ఊళ్లలో విశ్వాసులు మాటకి ముందు ‘స్తోత్రం’ అంటారు, రేపు బస్సెక్కాలన్నా ‘ప్రభువు చిత్తమైతే’ అంటారు. అది తీసేస్తే వాళ్లు మనవాళ్లు కారు. తీయాల్సింది నీ నోట్లోంచి. ‘పరలోక ధనమే శాశ్వతమని అతనికి తెలుసు’ అన్న వాక్యం ఇమ్మానుయేలుది కాదు, నీది. ముఖం ప్రకాశించింది అన్నదీ అంతే. మోషే కొండ దిగి వచ్చినప్పుడు తన ముఖం ప్రకాశిస్తోందని అతనికే తెలియదని నిర్గమకాండంలో ఉంది. చూసి భయపడింది ఎదుటివాళ్లు. ఆ రాత్రి మీ నాన్న ముఖం ఎలా ఉందో చూసినవాళ్లు చెప్పాలి. ఆ చూసినదానివి నువ్వే కదా!

ఇంకో మాట, ఇది నాకు చాలా ఇష్టమైన మాట. మన వాళ్లు రెండు తెలుగుల్లో బతుకుతారు. మాట్లాడేది గోదారి తెలుగు, ప్రార్థన చేసేది బైబిలు తెలుగు. 1996 నవంబరు 6న తుపాను వచ్చినప్పుడు మా తోటలో 46 కొబ్బరి చెట్లకి 5 మిగిలాయి. మర్నాడు పొద్దున్న మా అమ్మ చూరు ఎగిరిపోయిన వసారాలో మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది. “మహోన్నతుడవైన తండ్రీ, ఈ దినమున నీ పాదసన్నిధికి వచ్చుచున్నాము. గడచిన రాత్రి మమ్మును కాపాడినందుకై నీకు స్తోత్రములు చెల్లించుచున్నాము.” అక్కడిదాకా రోజూ ఉండేదే. తర్వాత కాసేపు ఆగింది. ఆ తర్వాత గొంతు మారిపోయింది. “అన్నీ పడగొట్టేశావు ప్రభువా. ఆయన చేత్తో పెట్టిన చెట్లు. దింపుకి వచ్చే కుర్రాడికి నేనేం చెప్పను? కొబ్బరి లేకపోతే ఈ ఏడు ఎలా గడుస్తుంది, నువ్వే చెప్పు.” ఇలా చాలాసేపు పక్కింటావిడతో దెబ్బలాడినట్టు దెబ్బలాడి, మళ్లీ గొంతు సవరించుకుని “యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్” అని లేచి, పడిపోయిన కాయలు ఏరడానికి వెళ్లింది.

మా అమ్మ విశ్వాసం నాకు ఆ మొదటి మాటల్లో కనపడలేదు, చివరి మాటల్లోనూ కనపడలేదు. మధ్యలో భాష జారిపోయిన చోట కనపడింది. దేవుడు వింటున్నాడన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా అలా దెబ్బలాడగలరు. ఇంగ్లీషు ప్రార్థనలో ఇది ఉందో లేదో నాకు తెలియదు. మన ప్రార్థనలో మాత్రం ఆ రెండు తెలుగుల మధ్య గట్టు దాటే క్షణం ఒకటి ఉంటుంది. రాసేవాళ్లు దాన్ని వాడుకోవాలి.

చివరగా ఒకటి అడుగుతాను. ఆ రైతు నిజంగా మారాడా? లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథ మనందరికీ కంఠతా వచ్చు. పెద్ద కొడుకు చివరికి విందులోకి వెళ్లాడో లేదో ప్రభువు చెప్పలేదన్న సంగతి మాత్రం చాలామంది గమనించరు. నిజంగా ఏం జరిగిందో రాయమ్మా. ఆ తర్వాత మిగతాది చూద్దాం.

మొగల్తూరు శివారు

టీచర్ గారూ, నేను చర్చికి వెళ్లేవాడిని కాదు. మాది హిందూ కుటుంబం. ‘లస్కరు’ అన్న మాట చూసి ఆగాను.

మా చేను కాలువ చిట్టచివర. మా వంతు వచ్చిన రాత్రుళ్లు మా నాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు మీదే ఉండేవాడు. పైన ఎవరైనా తూము ఎత్తితే చేలోకి వచ్చే మా బోదె కాలువలో నీళ్లు అరగంటలో తగ్గిపోతాయి. తగ్గితే సైకిలేసుకుని పైకి వెళ్లి బతిమాలుకోవాలి. అలాంటి రాత్రి తూము మూసి ఉంచిన మనిషి ఎవరో మాకు తెలిసేది కాదు. నీళ్లు తెల్లారేదాకా తగ్గకుండా వస్తే, ‘ఇవాళ పైన ఎవడో మంచోడున్నాడు’ అనేవాడు నాన్న. అంతకుమించి మాకు ఆ మనిషి గురించి ఏమీ తెలియదు. మీ కథ చదివాక, ఆ మంచోడు ఏం అనుకుంటూ అక్కడ కూర్చున్నాడో తెలుసుకోవాలని ఉంది.

క్రైస్తవ కథల పుస్తకాలు రెండు మూడు చదివాను, ఫ్రెండ్ ఇచ్చాడు. చదువుతుంటే ఒక ఇబ్బంది. మా వాళ్ల పాత్ర కనపడగానే, చివర్లో ఇతను చర్చికి వస్తాడని తెలిసిపోతుంది. అంతవరకు అతనికి ఇల్లు లేదు, బాధ లేదు, సొంత భక్తి లేదు, మారడానికే ఉన్నాడు. మీ పెద్ద రైతు కూడా అంతే. ఆయన అంత రాత్రి మీ గుమ్మంలోకి ఎందుకొచ్చాడు? అప్పు చేసి ఊడ్చాడా? కూతురి పెళ్లి ఉందా? మీ నాన్నగారి ముందు చెయ్యి చాచడం ఆయనకి ఎంత నామోషీ? అది తెలిస్తే మీ నాన్నగారు వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుస్తుంది.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను. మా ఊళ్లో కాటన్ దొర విగ్రహానికి రైతులు దండ వేస్తారు. 1847లో మొదలుపెట్టి 1852కి దవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పూర్తిచేశాడని చిన్నప్పుడే చదివాను. ఆయన ఎంత భక్తిగల క్రైస్తవుడో నాకు పెద్దయ్యాక తెలిసింది. నీళ్లు ముందు తెలిశాయి.

పాలకొల్లు టీచర్

మాస్టారూ, మీరు అడిగింది చదివి కాసేపు ఏడ్చాను. శివారు గారూ, మీ నాన్నగారి మాట మా అమ్మకి చదివి వినిపించాను. “ఆయన బతికుంటే ఈ మాట వినేవాడు” అంది.

జరిగింది రాస్తున్నాను. అది మార్చి నెలే. నాన్న ఏ వాక్యమూ చెప్పలేదు. “వద్దండి బాబూ, శివారోళ్ల చేలు పొట్టమీదున్నాయి” అన్నాడు, అంతే. ఆయన వెళ్లిపోయాక నాన్న దుప్పటీ టార్చీ తీసుకుని తూము దగ్గరికి పోయాడు. మనుషుల్ని పంపి తలుపు ఎత్తించేస్తారేమోనని చక్రం పక్కనే తెల్లారేదాకా కూర్చున్నాడు. నేను కేరేజీ పట్టుకెళ్లాను. గొంతెత్తకుండా పాట పాడుకుంటున్నాడు. భయమేసినప్పుడే నాన్న పాడేవాడని అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. నేనేమో సంతోషంగా ఉన్నాడనుకున్నాను.

రైతు కొడుక్కి జ్వరం రాలేదు. ఆయన గుడికీ రాలేదు. పదకొండేళ్లు నాన్నతో మాట్లాడలేదు. మా పిన్నికి ఆయన చేలో కూలి పని ఆగిపోయింది. నాన్న శనివారం ఉపవాస ప్రార్థనలో ఆయన పేరు చెప్పి ప్రార్థించేవాడు. అది మా సంఘం అంతటికీ తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది. నాన్న చనిపోయినప్పుడు మాత్రం వచ్చాడు. సమాధుల తోట గేటు బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. అయ్యగారు ప్రార్థన ముగించేదాకా ఉన్నాడు. లోపలికి రాలేదు, మట్టి వేయలేదు.

ఇదంతా రాస్తే ‘ప్రార్థనకి జవాబు రాలేదు’ అని చదివేవాళ్లు అనుకుంటారేమోనని భయపడ్డాను. అందుకే జ్వరం కల్పించాను.

నరసాపురం అమ్మగారు

టీచరమ్మా, నేను పాస్టరు భార్యని. మీ పాస్టర్ గారి తరఫున ఒక మాట చెప్పాలని వచ్చాను. ఇక్కడి సలహాలు మంచివే. కానీ ఈమధ్య రాసే మన పిల్లల్లో ఒక సిగ్గు చూస్తున్నాను. ప్రభువు పేరు ఎత్తితే సాహిత్యం కాదంటారేమోనని భయం. 1836లో ఇంగ్లాండు నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు ఆ తర్వాత మా నరసాపురంలో పని మొదలుపెట్టాయి. తెలుగు నేర్చుకుని సంతల్లో నోరు తెరిచి చెప్పారు. వాళ్లు సిగ్గుపడి ఉంటే నువ్వు రాయడానికి ఈ కథే ఉండేది కాదు. కాబట్టి నీ తండ్రి పాట పాడాడంటే, పాడాడనే రాయి. ఆ రైతు పేరు చెప్పి ప్రార్థించాడంటే, అదీ రాయి. మాస్టారు గారు రచయిత నోరు మూసుకోవాలన్నారు. ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేను. రూతు కథ చెప్పినాయన కూడా చివర్లో ఒక్కసారి నోరు తెరిచాడని ఆయనే చెప్పారు కదా! ఆ ఒక్కసారి నీకూ ఉంది. ఎక్కడ వాడాలో నువ్వే చూసుకో.

జవాబు రాని ప్రార్థన రాయడానికి భయపడ్డానన్నావు. మా కూడికలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు జవాబు దొరికిన వాళ్లే లేచి నిలబడతారు. దొరకని వాళ్లు వెనక చాప మీద కూర్చుని లేసు అల్లుకుంటూ వింటారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, వాళ్లు ప్రతి వారం వస్తారు. వాళ్ల కోసం ఎవరూ కథ రాయలేదు.

శుక్రవారం స్త్రీల కూడిక అయ్యాక నీ మాటలన్నీ వాళ్లకి చదివి వినిపించాను. మా దగ్గర లేసు అల్లిక ఎంత ఉంటుందో నీకు తెలుసు. మిషనరీ అమ్మల కాలం నుంచీ వస్తున్న పని. చేతుల్లో క్రోషే సూది ఆడుతూనే ఉంటుంది, చెవులు ఇటు ఉంటాయి. చదవడం అయ్యాక ఎవరూ ప్రభువు ఎక్కడ అని అడగలేదు. ఒకామె సూది ఆపి, “ఆ రాత్రి వాళ్లింట్లో బియ్యం ఉన్నాయా అమ్మగారూ?” అంది. ఇంకొకామె, “ఆయన భార్య ఏమంది?” అంది.

నీ కథలో మీ అమ్మ లేదు. చూసుకున్నావా?

లంక కుర్రాడు

అక్కా, చిన్న ప్రశ్న. కథలో లస్కరు పేరు ఇమ్మానుయేలు అని పెట్టారు. సర్వీసు రిజిస్టర్లో కూడా ఆ పేరే ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే మా తాతకి రెండు పేర్లు. గుడిలో ఒకటి, కాగితాల్లో ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. తర్వాత 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ హోదా ఇచ్చారు, మనకి ఇవ్వలేదు. అందుకని మా తాత బడిలో, ఆఫీసులో ఒక పేరుతో బతికాడు, సమాధి రాయి మీద రెండో పేరుతో ఉన్నాడు. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తి వెలిగించేటప్పుడు మాత్రమే ఆ పేరు చదువుతాం.

మనం విశ్వాసం గురించి రాసే కథల్లో ప్రార్థన ఉంటుంది, పాట ఉంటుంది, బాప్తీస్మం ఉంటుంది. ఈ రెండు పేర్ల బాధ ఉండదు. అందరి ఇంట్లోనూ ఉన్నదే, ఎవరూ రాయరు. డబ్బు ఇవ్వడానికి వచ్చిన రైతు మీ నాన్నగారిని ఏ పేరుతో పిలిచాడు? ఆ ఒక్క మాటతో మా ఊరి వాళ్లకి కథ సగం అర్థమైపోతుంది.

పాలకొల్లు టీచర్

తమ్ముడూ, రిజిస్టర్లో వేరే పేరే. ఆ రాత్రి ఆయన ‘ఒరే లస్కరూ’ అని పిలిచాడు, ఏ పేరూ పెట్టి కాదు. సమాధుల తోట దగ్గర మా బాబాయితో మాట్లాడినప్పుడు మాత్రం నాన్న గుడి పేరు పలికాడు. నువ్వు అడిగేదాకా నాకూ అది తట్టలేదు. రెండు పేర్ల విషయం రాయాలంటే ఇంకా భయంగానే ఉంది, ఇంట్లో ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు. కానీ ఆ రెండు పిలుపులూ మాత్రం కథలో ఉంటాయి.

అమ్మగారూ, మీ మాట పట్టుకుని అమ్మని అడిగాను. వంటింట్లో పీటేసుకుని కూర్చుని కూర తరుగుతోంది. తల ఎత్తకుండా చెప్పింది. “బియ్యం రెండు రోజులకి ఉన్నాయి. ఆ ఐదొందలూ నేను గుమ్మంలోంచి చూశాను. తీసుకుంటే బాగుండుననిపించింది. మీ నాన్న వద్దన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే కేరేజీ నీ చేత పంపాను. ఆ కోపంలోనే రాత్రంతా కూర్చుని ఏజెంటుకి ఇవ్వాల్సిన లేసు ముక్క పూర్తిచేశాను. దాంతోనే మర్నాడు బియ్యం తెచ్చాను.” ఇన్నేళ్లలో ఈ మాట నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు.

సంచిక వాళ్లకి ఫోన్ చేసి క్రిస్మస్‌కి ఇవ్వలేనని చెప్పేశాను. శ్రమల దినాల్లో వేస్తామంటే ఇస్తాను. జ్వరం తీసేశాను. రైతు గేటు బయట చెప్పులు విడిచి నిలబడటంతో కథ ముగుస్తుంది. శివారు గారూ, ఆయన మా గుమ్మంలోకి ఎందుకొచ్చాడో కనుక్కుంటున్నాను, ఆ ఇంటి ఆడపడుచు నాకు తెలుసు. మధ్యలో తూము దగ్గర ముక్క మాత్రం రాత్రి రాశాను. చూసి చెప్పండి:

“గట్టెక్కేసరికి నాన్న కనపడలేదు, పాట వినపడింది. దగ్గరికి వెళ్లాక టార్చి నా మొహం మీద వేసి, నేనని చూసి ఆర్పేశాడు.

‘అమ్మ రాలేదా?’

‘లేసు పనుందంట.’

నాన్న కేరేజీ మూత తీసి, తలకున్న తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ‘పరలోకమందున్న తండ్రీ, ఈ రాత్రి మాకిచ్చిన ఆహారమును బట్టి నీకు స్తోత్రములు చెల్లించుచున్నాము’ అని ఆగాడు. తలుపు కింద నుంచి నీళ్లు సన్నగా కారుతున్న చప్పుడు. ఆకలేస్తోంది, ప్రార్థన ఎప్పుడవుతుందా అని నేను ఒక కన్ను తెరిచి చూశాను. నాన్న పెదాలు కదలడం లేదు. చాలాసేపటికి, ‘దానికి కోపమొచ్చింది ప్రభువా’ అన్నాడు. ఇంకాసేపటికి, ‘నాకూ భయమేస్తోంది’ అన్నాడు. ఆమేన్ అనడం మర్చిపోయాడు. నేనే అన్నాను.

అన్నంలో సగం మూతలో పెట్టి నా వైపు జరిపాడు. తింటుంటే దూరంగా, కాలువ చివర చీకట్లో, ఎవరిదో టార్చి అటూ ఇటూ కదులుతోంది. ‘ఎవరు నాన్నా?’ అన్నాను. ‘ఎవరో. నీళ్లు చూసుకుంటున్నారు. తిను’ అన్నాడు.”